పటంలో ఒక్క పచ్చ గడి

భద్రాచలం వెళ్ళొచ్చానని చెబితే ఎవరైనా ముందు అడిగేది దర్శనం ఎలా జరిగిందని. బాగానే జరిగింది. ప్రసాదం పంచేటప్పుడు మా వీధిలో అందరికీ అదే చెప్పాను. చెప్పనిది ఇంకొకటి ఉంది. అది దేవుడి సంగతి కాదు, మన్ను సంగతి. ఆ దారిన వెళ్ళనివాళ్ళకు దారి గురించి చెబుదామని కూర్చుంటే, కలం పదే పదే వేంసూరు దగ్గరే ఆగిపోతోంది.

నేను ఖమ్మంలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నల్లబల్ల మీద దేశం బొమ్మ గీసి, నేలలకు రంగు సుద్దలు పూసి, 'ఎర్ర నేలల్లో సారం తక్కువ' అని ఎన్నో తరగతుల పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. మా అన్న కూతురు హారిక ఇప్పుడు అదే పని టాబ్లెట్ మీద చేస్తుంది. కాకపోతే దాని పటంలో దేశమంతా ఉండదు, ఊళ్ళో చేలుంటాయి. చేలను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో మన్ను తీసి పరీక్ష చేసి, సారం ఎక్కువుంటే పచ్చ, మధ్యరకమైతే పసుపు, తక్కువైతే ఎరుపు వేస్తుంది. ఎక్కడ ఏది తక్కువో తెలిస్తే అందరూ ఒకే లెక్కన యూరియా గుమ్మరించరని, నేల పదికాలాలు బతుకుతుందని దాని ఆశ. మంచి ఆశే. ఇప్పటికీ నేను అదే అంటాను.

ఈ పని చేలు ఖాళీగా ఉండే ఎండాకాలంలోనే కుదురుతుంది. "అత్తా, నువ్వూ రా. చివర్న భద్రాచలం తీసుకెళ్తా" అంది. పుణ్యం, పురుషార్థం రెండూ కలిసొస్తాయని జీపెక్కాను. జీపు నడిపేది యాకూబ్. ఏ ఊళ్ళో ఏ హోటల్లో టీ బాగుంటుందో అతనికి తెలుసు, ఏ హోటల్లోనూ ఆగకుండా పోవడమూ తెలుసు.

ఎర్రుపాలెం: జల్లెడ పట్టిన మన్ను

మొదటి మజిలీలోనే నా చెప్పు తెగింది. నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. చూసుకోకుండా అడుగేశాను, కాలు పైకొచ్చింది గానీ చెప్పు రాలేదు. హారిక నవ్వింది. "నల్ల నేలలు తేమను నిలుపుకుంటాయని చెప్పావు గానీ, చెప్పులు నిలుపుకుంటాయని చెప్పలేదత్తా" అంది. మధిరలో హవాయి చెప్పులు కొనేదాకా యాకూబ్ చెప్పులు వేసుకుని తిరిగాను.

కోటయ్య అనే రైతు మా కోసం స్టీలు డబ్బా పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. మూత తీస్తే లోపల మెత్తటి నల్ల మన్ను, శనగపిండిలా ఉంది.

"నిన్న మాపటేళ జల్లెడ పట్టానండీ. వెతికినా ఒక్క రాయి దొరకదు" అన్నాడు.

"ఎక్కడ తీశారు బాబాయ్?" అని హారిక అడిగింది.

"దొడ్లో, పెంటదిబ్బ పక్కన. అంతకు మించిన మన్ను మా ఊళ్ళోనే లేదు."

దిబ్బ దగ్గర, గట్టు పక్కన, చెట్టు కింద తీసిన మన్ను పరీక్షకు పనికిరాదు. పొలమంతా అలాగే ఉందనుకుని మోసపోతాం. హారిక ఎంత మెల్లగా చెప్పినా ఆయన మొహం చిన్నబోయింది. "ఇంటికొచ్చినోళ్ళకు పుచ్చొంకాయ వండి పెడతామా తల్లీ?" అన్నాడు. అలిగినా భోజనం పెట్టకుండా వదల్లేదు. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. మా ఇంట్లో మామిడికాయ పప్పులో ఇంగువ పడాల్సిందే. ఇక్కడ వెల్లుల్లి తప్ప ఇంకొకటి పడనివ్వరు. నాకు వాళ్ళదే బాగుందని ఇంట్లో చెప్పొద్దని హారిక దగ్గర మాట తీసుకున్నాను.

దారిలో ఈ డబ్బా సంగతి తలుచుకుని నేను నవ్వుతుంటే యాకూబ్ అన్నాడు. "సొంత భూమోళ్ళు గట్లనే మేడం, మంచి మన్ను తెస్తరు. కౌలుకు చేసేటోళ్ళు చెడ్డ మన్ను తెస్తరు. చూస్తుండుండ్రి."

"ఎందుకట?"

"పిల్లి పాలు తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటది. కౌలోడు భూమి మంచిగుందని నోరు మూసుకుంటడు."

వేంసూరు: విడిగా తీసిన మన్ను

వేంసూరు వైపు వెళ్ళేసరికి మిరప, పత్తి చేల మధ్య ఆయిల్‌పామ్ తోటలు మొదలవుతాయి. వరసగా, ఒకే ఎత్తులో, చూడ్డానికి చక్కగా ఉంటాయి. ఒకసారి నాటితే పాతికేళ్ళ పైన కదలవు. ఆ తోటల మధ్య మిగిలిన ఎర్రచెలకల్లో, అంటే ఎర్రమన్ను మెట్ట చేలల్లో, హారికకు పని.

ఆ చెలకలు వెంకట్రామయ్యగారివి. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. అందులో ఒక చెలక కౌలుకు చేసేది పక్క తండాకు చెందిన కమిలి, ఆమె భర్త హరియా. మేం వెళ్ళేసరికి కమిలి ఎండు మిరపకట్టె పీకి కుప్ప వేస్తోంది. నలభై ఏళ్ళుంటాయేమో. నన్ను చూడగానే కట్టె పక్కన పడేసి తాటిముంజలు తెచ్చింది. బొటనవేలితో ముంజ ఎలా తీసుకోవాలో నాకు నేర్పబోయింది. నేను ఖమ్మంలోనే పుట్టానన్నాను. "అయితే చీర మీద ఎందుకు కారిపిచ్చుకుంటున్నవక్కా?" అంది. నిజమే, చీరంతా కారింది. డజను ముంజలు ఖమ్మం సెంటర్లో అమ్మే ధర చెబితే బుగ్గలు నొక్కుకుంది. ఇక్కడ ముంజలకు ధర ఉండదు, ఎక్కి కోసేవాడు దొరికితే చాలు.

హారిక పద్ధతి ఇదీ. గడిలో వంకరటింకరగా నడుస్తూ కొన్నిచోట్ల జానెడు లోతు గుంట తీసి, గుంట అంచు నుంచి పలచగా మన్ను చెక్కి తీయాలి. అదంతా ప్లాస్టిక్ పట్టా మీద పోసి కలపాలి. రొట్టెను విరిచినట్టు నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారబోయాలి. మిగిలింది మళ్ళీ కలపాలి, మళ్ళీ పంచాలి. చివరకు మిగిలింది గుడ్డసంచుల్లో పోయాలి. ఒక సంచి ఖమ్మం ల్యాబుకు, ఒకటి ఎందుకైనా మంచిదని దగ్గర ఉంచుకోవడానికి. తొలి ఫలితం మాత్రం జీపులో ఉన్న పరీక్ష పెట్టె సాయంత్రానికే చెప్పేస్తుంది.

కమిలి చెలక ఒక గడికి మూలన పడింది. గడిలో మిగతా అంతా పక్క చెలకలే. హారిక అన్నీ కలిపి తీయబోయింది. కలిపితే ఆ మూల సారం పక్కవాటిలో కరిగిపోయి, గడి మొత్తం ఏ పసుపో అయ్యేది.

"మీ మిషను అబద్ధం చెప్పదు గదా?" అని అడిగింది కమిలి.

"చెప్పదు" అంది హారిక.

"అయితే మా చెలక మన్ను విడిగ తియ్యిండ్రి. పక్కోళ్ళ దాంట్ల కలపొద్దు."

అంతసేపూ గట్టు మీద బీడీ కాలుస్తున్న హరియా లేచి వచ్చాడు. "ఏందే, నీకు మతి ఉన్నదా? ఉగాది పొయ్యి ఎన్ని దినాలాయె, అయ్యగారు ఈ ఏటి కౌలు మాట ఇంక చెప్పలే. గా చౌడు మూలల తీపియ్యి. మంచిగున్నదని తెలిస్తే ఊకుంటరా?"

"తెల్వనీ" అంది కమిలి.

"భూమి పోతదే!"

"నేనొచ్చిన్నాడు ఈడ ఏమున్నది? సీతాఫలం పొదలు, రాళ్ళు. తట్టలు మోసి చెరువుమట్టి పోసిన. గొల్లోళ్ళను బతిలాడి గొర్లమంద పెట్టిపిచ్చిన. ఏటేట ఎరువుకని పిల్లిపెసర చల్లి, పూత మీదుండంగ దున్నిపిచ్చిన. మిర్చి మంచిగ కాస్తే ఊరంత ఏమంటది? అయ్యగారి నేల మంచిదంటది. ఒక్కపారి మిషనుతోని చెప్పిపిచ్చుకుంటే తప్పా? పెంచిన నోటితోని దీన్ని చెడ్డదనాల్నా?"

హారిక నా వైపు చూసింది. అలా విడిగా తీస్తే గడిని రెండుగా చీల్చాలి, పని పెరుగుతుంది. భార్యాభర్తల మాటల్లో తలదూర్చడమూ దానికిష్టం లేదు. నాకు కమిలి నచ్చింది. ఆ ముంజలూ నచ్చాయి.

"విడిగానే తియ్యవే. ఏం పోతుంది?" అన్నాను.

పొద్దు వాలేసరికి టాబ్లెట్ మీద రంగులు పడ్డాయి. చుట్టూ పసుపు, అక్కడక్కడ ఎరుపు, వాటి మధ్య కమిలి చెలక ఒక్కటే ముదురు పచ్చ. మేం తిరిగిన చెలకల్లో ఇంకెక్కడా అంత పచ్చ రాలేదు. కమిలి కొంగుతో చెయ్యి తుడుచుకుని మరీ తెర మీద వేలు పెట్టింది. అటు పోతున్న ఆడవాళ్ళనందరినీ కేకేసి పిలిచి చూపించింది. పచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ గట్టు దగ్గర రంగు మారుతుందో వేలితో గీసి చెప్పింది. హరియా దూరంగా నిలబడి ఇంకో బీడీ ముట్టించాడు.

ఆ పూట భోజనం వెంకట్రామయ్యగారింట్లో. మంచి మనిషి. గోంగూర, ముద్దపప్పు, పెరుగు మిరపకాయలు కొసరి కొసరి వడ్డించారు. మా కోసం ఎదురు చూసి తానూ ఆలస్యంగానే తిన్నారు. పట్టాదారు ఫోనుకే పటం వెళ్తుంది కనుక, అప్పటికే ఆయన ఫోనులో ఉంది.

"ఈ పచ్చగా ఉంది మన తూర్పు చెలకేనా అమ్మా?" అన్నారు.

"అవునండీ. కమిలి చాలా బాగా చూసుకుంది" అన్నాను.

"ఆ నేల మొదట్నుంచీ మంచిదేనండీ" అన్నారాయన, పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ.

ఆ మాట నాకు పంటికింద రాయిలా తగిలింది. తగిలినా, పెరుగు బాగుందని ఇంకో గరిటె వేసుకున్నాను.

పినపాక: తెల్లగా మిగిలిన గడి

కొత్తగూడెం దాటి మణుగూరు వైపు పోతుంటే బొగ్గు లారీల వెనక మా జీపు కూడా నల్లబడింది. పినపాక దాటాక అడవి దగ్గరపడుతుంది. ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుకున్నాక మిగిలిన వాసన ఇంకా ఉంది. హారిక పటంలో ఆఖరి గడి ఒక కోయగూడెం పొలాల్లో ఉంది.

అక్కడ మమ్మల్ని కూర్చోబెట్టి జావ ఇచ్చారు. ఉడికించి ఆరబెట్టిన ఇప్పపువ్వు దోసిట్లో పోశారు. ఎండుద్రాక్షలా అనిపించి ఎక్కువే తిన్నాను. కడుపు దాని సంగతి తర్వాత చెప్పింది. వాళ్ళలో వాళ్ళు కోయభాషలో మాట్లాడుకున్నాక, పెద్దాయన తెలుగులో అన్నాడు.

"విత్తనాల పండుగ ఇంక కాలే. పండుగ అయ్యేదాక భూమిల ఇనుము దించం."

"జానెడు గుంటే పెద్దయ్యా. తీసి మళ్ళీ పూడ్చేస్తాం" అంది హారిక.

"జానెడైనా, బెత్తెడైనా అంతే బిడ్డా. పండుగయినంక రండ్రి. మేమే తీసిస్తం."

"అప్పటికి నా పని గడువు అయిపోతుంది."

"అయితే మానే" అన్నాడు నవ్వుతూ. కోపం లేదు, బతిమాలుకునే సందూ లేదు.

మా ఊళ్ళలో ఏరువాకకు ఎడ్లకు పసుపు కుంకుమ పెడతారు గానీ, అంతదాకా పార ముట్టొద్దని ఎవరూ అనరు. హారికకు చిరాకేసింది. నేనూ దాని పక్షమే మాట్లాడాను, ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవాలా అని. ఆ గడి పటంలో తెల్లగానే ఉండిపోయింది. "అన్నీ రాసి ఆఖరి ప్రశ్న వదిలేసినట్టుందే" అని దాన్ని ఉడికించాను కూడా.

భద్రాచలం: ఫోనులో మాట

గోదావరి బాగా తగ్గి ఉంది. ఇసుక మీద నడిచి నడిచి నీళ్ళ దాకా వెళ్ళేసరికి స్నానం చేసిన ఫలం సగం చెమటలోనే వచ్చేసింది. దర్శనం చేసుకుని, పులిహోర పొట్లాలు పట్టుకుని మెట్ల పక్క నీడలో కూర్చున్నాం. హారిక ఫోను చూసుకుంటూ తినడం ఆపేసింది.

వెంకట్రామయ్యగారి సందేశం. దాన్ని నాకు చదివి వినిపించింది. మీ పటం మాకు చాలా ఉపయోగపడిందమ్మా అని ఆశీర్వచనాలు. ఆయిల్‌పామ్ ఏ చెలకలో పెట్టాలా అని రెండేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నామని, ఇప్పుడు తేలిపోయిందని. కింద మా పటమే, పచ్చ గడి చుట్టూ ఆయన వేలితో గీసిన సున్నా.

పులిహోర పొట్లం మడిచి పక్కన పెట్టాను. "పటంలో కౌలుదారు పేరు వేసే చోటు లేదా?" అని అడిగాను.

"లేదత్తా. పట్టాదారుదే ఉంటుంది" అంది హారిక. "ఆ చోటు పెట్టమని పైవాళ్ళను అడిగితే బాగుండేది. నేనెప్పుడూ అడగలేదు" అంది.

కొత్తగూడెం మీదుగా తిన్నగా ఖమ్మం పోవాల్సినవాళ్ళం. మేం ఏమీ చెప్పకముందే యాకూబ్ "వేంసూరు పోదామా మేడం?" అన్నాడు. జీపు అటు తిరిగింది. మళ్ళీ ఆయిల్‌పామ్ వరసలు కనిపించాయి. వెళ్ళేటప్పుడు చక్కగా ఉన్నాయనుకున్నవే, ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

మళ్ళీ వేంసూరు

చెలకలో అప్పటికే సున్నంతో ముగ్గులు పెట్టినట్టు గుర్తులు వేశారు. మిషను గుంటలు తవ్వుతోంది. మేం జానెడు గుంట తీసిన చోట ఇప్పుడు మనిషి మోకాలి లోతు గుంటలు. తవ్విపోసిన పైమన్ను నల్లగా మెరుస్తోంది, అడుగున వచ్చింది అసలు ఎర్రచెలక.

వెంకట్రామయ్యగారు గొడుగేసుకుని అక్కడే ఉన్నారు. మమ్మల్ని చూసి నిజంగానే సంతోషపడ్డారు. హారిక తనకు చేతనైనట్టు చెప్పింది. అది నేల పుట్టుసారం కాదు, ఏళ్ళ తరబడి చేసిన పని అంది. పక్క ఎర్ర గడుల్లో పామ్ పెట్టి, ఈ చెలకను కమిలికే ఉంచమని అడిగింది.

"ముందు నేనూ ఆ ఎర్ర చెలక వైపే మొగ్గానమ్మా" అన్నారాయన. "మీ పటం చూశాక, మంచి నేల ఉండగా చెడ్డదాంట్లో ఎందుకు పెట్టాలి చెప్పండి? నాకూ ఓపిక తగ్గింది. పిల్లలు సేద్యం చెయ్యరు. కమిలికి అన్యాయం చేస్తానా? పక్క చెలక ఆమెకే కౌలుకిస్తున్నాను. ఆమె చేతికి ఏ నేలైనా పండుద్దండీ."

ఆయన మాటలో తప్పు పట్టుకుందామంటే ఎక్కడా చిక్కలేదు. పటం మాదే, రంగు మాదే. విడిగా తియ్యమన్నది నేనే. ఏం పోతుంది అన్న మాట చెవుల్లో గింగిరాలు తిరిగింది. జీవితమంతా రంగు సుద్దలతో నేలలు గీశాను. ఒక్కనాడూ ఆ రంగు ఎవరో కష్టపడితే వచ్చిందేమోనని పిల్లలకు చెప్పలేదు. చాలా సిగ్గేసింది.

కమిలి గట్టు అవతల, కొత్తగా ఇచ్చిన ఎర్ర చెలకలో రాళ్ళు ఏరుతోంది. హరియా తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. నేను చెప్పాను గదా అని అతను ఒక్క మాటన్నా బాగుండేది. అనలేదు.

కమిలే దగ్గరికి వచ్చింది. "ఎండల వచ్చిండ్రు, నీళ్ళు తాగుతరా అక్కా?" అంది. తాగాను. చెంబు తిరిగి తీసుకుంటూ, "ఆనాడు రెండు సంచులల్ల పోసిండ్రు గదా, ఒకటి ల్యాబుకు. రెండోదేం చేస్తరు?" అని హారికను అడిగింది.

"ఉంచుతాం. తర్వాత పారేస్తాం" అంది హారిక మెల్లగా.

"పారేసేదైతే నాకియ్యి."

యాకూబ్ జీపు వెనక వెతికి, ఆమె చెలక పేరు రాసిన గుడ్డసంచి తెచ్చి ఇచ్చాడు. కమిలి ముడి విప్పి చూసుకుంది. ఎర్ర చెలక మధ్యకు నడిచి, చేత్తోనే చిన్న గుంట తీసి ఆ మన్నంతా పోసి, పైన మూసి, అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఎందుకని అడగకుండా ఉండలేకపోయాను.

"పాలకు తోడేసినట్టు. పెరుగు తోడుకున్నట్టు తోడుకుంటదేమో చూద్దాం." చెలకనంతా ఒకసారి చూసి నవ్వింది. "ఇన్ని పాలకు ఇంత తోడు యాడ చాల్తది గానీ."

సంచి దులిపి, మడత పెట్టి హారిక చేతికిచ్చింది. వేరేవాళ్ళ మన్నుకు పనికొస్తుంది కదా అని. జీపు దాకా మాతో నడిచి వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ మీద చెయ్యేసి చెప్పింది.

"ఎన్నేండ్లకో ఇది పచ్చబడ్డంక మీరు మళ్ళొస్తరేమో. అప్పుడు మాత్రం విడిగ తియ్యకుండ్రి అక్కా. అందరిదాంట్ల కలిపెయ్యిండ్రి."

సరేనన్నాను.